గట్టిగా రాక్ వినేవాళ్లకు స్పీకర్లు: పెట్టె మీది వాట్లు చెప్పని సంగతులు

క్లుప్తంగా: స్పీకర్ ఎంత గట్టిగా, ఎంత శుభ్రంగా మోగుతుందో దాని మీద రాసిన వాట్లను బట్టి తెలియదు. సెన్సిటివిటీ (కొద్దిపాటి విద్యుత్తుకు ఎంత శబ్దం చేస్తుందనే కొలత), ఊఫర్ (బేస్ పలికించే డ్రైవర్) కోన్ వైశాల్యం, వేడిని తట్టుకునే శక్తి చూస్తే తెలుస్తుంది. మామూలు ఇంటి గదిలో రాక్ గట్టిగా వినాలంటే నమ్మదగ్గ దారులు రెండున్నాయి. 90 డెసిబెల్స్‌కు తగ్గని సెన్సిటివిటీ, పెద్ద ఊఫర్ ఉన్న త్రీ-వే స్పీకర్లు (బేస్‌కు, మధ్య స్వరాలకు, పై స్వరాలకు వేర్వేరు డ్రైవర్లున్నవి) కొనడం ఒకటి. చిన్న స్పీకర్లకు 80 హెర్ట్జ్ కింది బేస్ వెళ్లకుండా ఆపి, ఆ పని బేస్ కోసమే ఉండే విడి స్పీకరైన సబ్ ఊఫర్‌కు అప్పగించడం రెండోది. ఏ దారి పట్టినా, సిమెంటు గోడల గదిని లెక్కలోకి తీసుకోకపోతే సగం డబ్బు వృథా.

కొత్త స్పీకర్లు ఇంటికొచ్చిన మొదటి వారం అంతా బాగానే ఉంటుంది. మామూలు వాల్యూమ్‌లో గొంతు స్పష్టంగా వినిపిస్తుంది, గిటార్లు విడివిడిగా పలుకుతాయి. నాబ్ ఇంకాస్త ముందుకు తిప్పినప్పుడు అసలు సంగతి బయటపడుతుంది. గుండెకు తగలాల్సిన కిక్ డ్రమ్ అట్టపెట్టె మీద కొట్టినట్టు టపటపమంటుంది. రెండు గిటార్లు, సింబల్స్ (డ్రమ్స్‌తో వాయించే ఇత్తడి పళ్లేలు) కలిసి ఒకటే రొద అవుతాయి. ఆ పైన ఎంత తిప్పినా శబ్దం పెరగదు, గరగర మాత్రం పెరుగుతుంది. ఇది ఆంప్లిఫయర్ లోపమే అనుకుని ఎక్కువ వాట్ల ఆంప్ కొనేవాళ్లు చాలామంది. కొన్నాళ్లకు ట్వీటరో (పై స్వరాల డ్రైవర్) ఊఫర్ కాయిలో (కోన్‌ను కదిలించే తీగ చుట్ట) కాలిపోయాక గానీ స్పీకర్ మీద అనుమానం రాదు.

వాట్ల లెక్క ఎక్కడ తప్పుతుంది

స్పీకర్ మీద ‘200 వాట్లు’ అని ఉంటే, అంత విద్యుత్తు ఇచ్చినా కాసేపు కాలిపోకుండా ఉంటుందని మాత్రమే అర్థం. ఎంత శబ్దం చేస్తుందో ఆ అంకెలో లేదు. మన మార్కెట్లో ఇంకా కనిపించే పీఎంపీఓ (క్షణకాలపు గరిష్ఠ శక్తి పేరుతో రాసే వాట్లు) అంకెకైతే ఆ మాత్రం విలువ కూడా లేదు. దాన్ని ఎలా కొలవాలో ఒప్పుకున్న పద్ధతే లేదు కాబట్టి తయారీదారు ఎంత రాస్తే అంత.

చూడాల్సిన అంకె సెన్సిటివిటీ. స్పీకర్‌కు 2.83 వోల్టులిచ్చి, మీటరు దూరంలో ఎన్ని డెసిబెల్స్ వస్తాయో కొలుస్తారు. 8 ఓమ్‌ల స్పీకర్‌కు 2.83 వోల్టులంటే సరిగ్గా 1 వాట్. 4 ఓమ్‌ల స్పీకర్‌కు అదే వోల్టేజి 2 వాట్లవుతుంది. అందుకే 4 ఓమ్‌ల స్పీకర్ మీద 90 అని ఉంటే, వాట్ లెక్కన అది 87తో సమానం. కొన్ని కంపెనీలు గదిలో పెట్టి కొలిచిన అంకె వేస్తాయి. గోడల ప్రతిధ్వని కలవడం వల్ల అది అసలు కన్నా ఎక్కువ కనిపిస్తుంది. రెండు కంపెనీల అంకెలు పోల్చే ముందు ఈ రెండూ చూసుకోవాలి.

ఆ అంకెలో చిన్న తేడా కూడా ఎంత పెద్దదో లెక్క వేస్తే తెలుస్తుంది. 3 డెసిబెల్స్ పెరగాలంటే వాట్లు రెట్టింపు కావాలి. 10 డెసిబెల్స్ పెరిగితే చెవికి సుమారు రెట్టింపు గట్టిగా అనిపిస్తుంది, దానికి వాట్లు పది రెట్లు కావాలి. స్పీకర్ల నుంచి 3 మీటర్ల దూరంలో కూర్చుంటే మామూలు గదిలో 5, 6 డెసిబెల్స్ తగ్గుతాయి. రెండు స్పీకర్లు కలిసి మోగుతాయి కాబట్టి 3 తిరిగి వస్తాయి. అంటే నికరంగా 3 పోయినట్టు. 86 డెసిబెల్స్ స్పీకర్ల జత ఒక్కో వాట్‌కు ఆ కుర్చీ దగ్గర 83 ఇస్తుంది. సగటున 90 డెసిబెల్స్‌లో వింటూ, డ్రమ్ దెబ్బలకు ఇంకో 12 వదిలిపెట్టుకుంటే 102 అందుకోవాలి. దానికి ఒక్కో స్పీకర్‌కు సుమారు 80 వాట్లు కావాలి. అదే పని 92 డెసిబెల్స్ స్పీకర్ 20 వాట్లతో, 98 డెసిబెల్స్ స్పీకర్ 5 వాట్లతో చేసేస్తాయి. సగటు 95కు పెంచితే 86 స్పీకర్ 250 వాట్లు అడుగుతుంది. ఇంట్లో పెట్టుకునే చిన్న స్పీకర్లలో అంత శక్తిని పాట మొత్తం తట్టుకునేవి అరుదు.

ఇక్కడ చెవుల సంగతీ చెప్పుకోవాలి. అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ లెక్క ప్రకారం 85 డెసిబెల్స్ రోజుకు 8 గంటలు వినొచ్చు. ఆ పైన ప్రతి 3 డెసిబెల్స్‌కూ సమయం సగమవుతుంది. 94 దగ్గర గంట, 100 దగ్గర 15 నిమిషాలు. కాబట్టి ఇంట్లో సగటు 90 దాటించాల్సిన అవసరం దాదాపు ఎవరికీ ఉండదు. ఆ 90 మీద డ్రమ్ దెబ్బలు నలగకుండా రావడమే ముఖ్యం. కుర్చీని 3 మీటర్ల నుంచి 2 మీటర్లకు జరిపితే 2, 3 డెసిబెల్స్ ఉచితంగా కలిసొస్తాయి. ఆంప్ వాట్లు రెట్టింపు చేసినా వచ్చేది ఇంచుమించు అంతే.

మిగతా శక్తంతా వేడి

86 డెసిబెల్స్ స్పీకర్ తనకు అందిన విద్యుత్తులో పావు శాతాన్నే ధ్వనిగా మారుస్తుంది. 92 డెసిబెల్స్‌ది ఒక శాతం. 100 వాట్లిస్తే 99 వాట్లకు పైగా వేడిగా మారేది ఊఫర్ మధ్యలో ఉన్న సన్నటి రాగి తీగ చుట్టలోనే. సర్క్యూట్ బోర్డు మీద సీసం కరిగించే సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లదే. చిన్న హైఫై ఊఫర్లలో ఆ కాయిల్ వ్యాసం సాధారణంగా అంగుళం. స్టేజి మీద వాడే 12, 15 అంగుళాల ఊఫర్లలో రెండు నుంచి నాలుగు అంగుళాలు ఉంటుంది. ఎక్కువ రాగి, ఎక్కువ వైశాల్యం ఉంటాయి కాబట్టి వేడి బయటికి పోయే దారీ ఎక్కువే.

రాగి వేడెక్కిన ప్రతి డిగ్రీకీ దాని నిరోధం 0.39 శాతం పెరుగుతుంది. కాయిల్ 150 డిగ్రీలు వేడెక్కితే నిరోధం ఇంచుమించు ఒకటిన్నర రెట్ల పైకి చేరుతుంది, ఆంప్ నుంచి తీసుకునే శక్తి తగ్గిపోతుంది. శబ్దంలో 3, 4 డెసిబెల్స్ దాకా మాయం. మొదటి పాటలో ఉన్న దెబ్బ నాలుగో పాటకు లేకపోవడానికి కారణం ఇదే. షాపులో రెండు నిమిషాలు వింటే ఇది తెలిసే అవకాశమే లేదు.

రాక్‌కు ఇది ప్రత్యేకంగా వర్తిస్తుంది. వీణ కచేరీ రికార్డింగులోనో ఆర్కెస్ట్రాలోనో శిఖరాలు అప్పుడప్పుడు వస్తాయి, మధ్యలో కాయిల్ చల్లబడుతుంది. వక్రీకరించిన ఎలక్ట్రిక్ గిటార్ ధ్వని ఆగకుండా నిండుగా ఉంటుంది. పైగా 1990ల నుంచి మాస్టరింగ్‌లో (ఆల్బమ్ విడుదలకు ముందు చేసే చివరి సర్దుబాటులో) శబ్దాన్ని అదిమి నింపడం మామూలైంది. అలాంటి ఆల్బముల్లో సగటుకూ శిఖరానికీ తేడా 8, 10 డెసిబెల్స్ మించదు. నాబ్ ఒకేచోట ఉన్నా స్పీకర్ మీద పడే భారం పాత రికార్డింగు కన్నా చాలా ఎక్కువ.

గాలి ఎంత కదులుతోంది

బేస్ గిటార్‌లో అడుగు తీగ మూల స్వరం 41 హెర్ట్జ్. ఐదు తీగల గిటార్ అయితే 31. కిక్ డ్రమ్ బరువు ఎక్కువగా 50, 80 హెర్ట్జ్ మధ్య ఉంటుంది. ఒకే శబ్ద స్థాయిలో ఫ్రీక్వెన్సీ సగానికి దిగితే కోన్ నాలుగు రెట్ల దూరం కదలాలి. చిన్న స్పీకర్ ఓడిపోయేది ఇక్కడే.

ఆరున్నర అంగుళాల ఊఫర్ కోన్ వైశాల్యం సుమారు 135 చదరపు సెంటీమీటర్లు. సీల్ చేసిన బాక్సులో అది ముందుకూ వెనక్కూ 5 మిల్లీమీటర్ల చొప్పున కదిలితే 40 హెర్ట్జ్ దగ్గర మీటరు దూరంలో వచ్చేది 89 డెసిబెల్స్. అంతకన్నా ఎన్ని వాట్లిచ్చినా శుభ్రమైన శబ్దం రాదు, కాయిల్ అంచు దాటి టక్కుమని కొట్టుకుంటుంది. 12 అంగుళాల ఊఫర్ వైశాల్యం 520 చదరపు సెంటీమీటర్లు. అదే 5 మిల్లీమీటర్లకు 101 డెసిబెల్స్ ఇస్తుంది. పోర్ట్ (గాలి పోయే గొట్టం) ఉన్న బాక్స్ చిన్న ఊఫర్‌కు కొంత సాయం చేస్తుంది గానీ, ఆ పోర్ట్ శ్రుతి చేసిన ఫ్రీక్వెన్సీకి కిందికి పోతే కోన్‌కు ఆసరా ఉండదు. ఎల్పీ రికార్డులు వినేటప్పుడు ఊఫర్ పాటతో సంబంధం లేకుండా ముందుకూ వెనక్కూ ఊగడం అందువల్లే. ఫోనో ప్రీఆంప్‌లో (రికార్డు ప్లేయర్ సంకేతాన్ని పెంచే పరికరంలో) సబ్‌సానిక్ ఫిల్టర్ (చెవికి అందనంత కింది కంపనాలను ఆపేది) ఉంటే అది ఆగుతుంది.

ఊఫర్, ట్వీటర్ రెండే ఉన్న టూ-వే స్పీకర్‌కు ఇంకో చిక్కుంది. కిక్ డ్రమ్‌కు అయిదు మిల్లీమీటర్లు ఊగుతున్న కోనే గాయకుడి గొంతునూ పలికించాలి. ఊగే పలక మీద రాస్తే అక్షరం చెదిరినట్టు గొంతు చెదురుతుంది. త్రీ-వేలో గొంతు, గిటార్ల పని వేరే మిడ్‌రేంజ్ డ్రైవర్ చూసుకుంటుంది. వాల్యూమ్ పెంచినా మాటలు విడిగా వినిపించడానికి ఎక్కువ దోహదం చేసేది ఈ పని విభజనే.

చిన్న బాక్స్, లోతైన బేస్, ఎక్కువ సెన్సిటివిటీ మూడూ ఒకచోట దొరకవు. ఏవైనా రెండే ఎంచుకోవాలి. అమెరికాలోని కేఎల్‌హెచ్ కంపెనీ పేరులో ‘హెచ్’ అయిన ఆంటన్ హాఫ్‌మన్ పేరు మీద దీన్ని ‘ఐరన్ లా’ అంటారు. స్పీకర్ల చరిత్రంతా ఈ మూడింటి మధ్య బేరమే. 1946లో పాల్ క్లిప్ష్ తెచ్చిన క్లిప్ష్‌హార్న్ గది మూలనే హార్న్‌లో (శబ్దాన్ని పెంచే గరాటా లాంటి దారిలో) భాగం చేసుకుని 105 డెసిబెల్స్ దాకా ఇచ్చింది. అయితే అది బీరువాలా ఉంటుంది. 1954లో ఎడ్గర్ విల్‌చర్, హెన్రీ క్లాస్ తెచ్చిన అకౌస్టిక్ రీసెర్చ్ స్పీకర్ చిన్న సీల్డ్ బాక్సులో లోతైన బేస్ సాధించి సెన్సిటివిటీని వదులుకుంది. బ్రిటన్‌లో బీబీసీ 1970ల్లో ప్రసార వ్యాన్లలో వాడేందుకు చేసిన ఎల్‌ఎస్3/5ఏ సెన్సిటివిటీ 82, 83 డెసిబెల్స్ మాత్రమే. గొంతుల విషయంలో దాని పేరు నేటికీ చెక్కుచెదరలేదు. గట్టిగా రాక్ వినడానికి మాత్రం అది పుట్టలేదు, ఎంత ఖరీదు పెట్టినా ఆ పని చేయదు. జేబీఎల్ 4310 స్టూడియో మానిటర్ నుంచి 1970లో వచ్చిన ఎల్100 ఇంకో దారి: 12 అంగుళాల ఊఫర్, మధ్యస్థమైన బాక్స్, 40 హెర్ట్జ్ కింది బేస్‌కు స్వస్తి. రాక్‌లో ఆ కింద ఉండేది తక్కువే కాబట్టి అది తెలివైన బేరం. 2018లో వచ్చిన ఎల్100 క్లాసిక్ అంకె 90 డెసిబెల్స్, కానీ 4 ఓమ్‌లు. పైన చెప్పిన లెక్క ఇక్కడ వేసుకోవాలి.

ట్వీటర్ ఎందుకు పోతుంది

‘చిన్న ఆంప్ అయితే స్పీకర్‌కు ప్రమాదం లేదు’ అన్నదీ, ‘చిన్న ఆంపే స్పీకర్‌ను కాలుస్తుంది’ అన్నదీ రెండూ సగం నిజాలే. 50 వాట్ల ఆంప్ తన హద్దు దాటితే తరంగాల తలలు తెగిపోతాయి. పూర్తిగా చదునైతే అదే ఆంప్ 100 వాట్ల దాకా ఇస్తుంది. తెగేవి ఎక్కువగా డ్రమ్, బేస్ శిఖరాలు. సింబల్స్, గిటార్ల పై స్వరాలు ఇంకా హద్దుకు చేరలేదు కాబట్టి నాబ్‌తో పాటు పెరుగుతూనే ఉంటాయి. కొన్ని వాట్ల కన్నా ఎక్కువ నిరంతరంగా భరించలేని ట్వీటర్ కాయిల్ మీద ఆ భారమంతా పడుతుంది.

రెండు అలవాట్లు దీన్ని త్వరపెడతాయి. బేస్ నాబ్‌ను +10 డెసిబెల్స్‌కు తిప్పితే ఆ ఫ్రీక్వెన్సీల్లో పది రెట్ల శక్తి అడిగినట్టు. తక్కువ వాల్యూమ్‌లో బేస్ పెంచడం కోసం పెట్టిన లౌడ్‌నెస్ బటన్ గట్టిగా వినేటప్పుడు ఆన్‌లో ఉండకూడదు. శబ్దం పెరిగే కొద్దీ బేస్ చెవికి దానంతటదే నిండుగా వినిపిస్తుందని 1933లో ఫ్లెచర్, మన్సన్ కొలిచి చూపించారు. ‘నాబ్ సగమే తిప్పాం కదా’ అన్న ధీమాకూ ఆధారం లేదు. 2 వోల్టులిచ్చే ప్లేయర్ కలిపితే చాలా ఆంప్‌లు నాబ్ మధ్యకు రాకముందే హద్దు చేరతాయి.

ఏ రకం ఎవరికి

స్థలం ఉన్నవాళ్లకు 10, 12 అంగుళాల ఊఫర్, విడి మిడ్‌రేంజ్ ఉన్న త్రీ-వే స్పీకర్లే మొదటి ఎంపిక. సన్నటి టవర్లలో రెండేసి ఆరున్నర అంగుళాల ఊఫర్లు కలిస్తే ఒక తొమ్మిది అంగుళాల ఊఫర్ వైశాల్యానికి సమానం. ఎత్తు చూసి పెద్ద స్పీకర్ అనుకుంటే పొరపాటు. హార్న్ ట్వీటర్ ఉన్నవి తక్కువ వాట్లకే గట్టిగా పలుకుతాయి, ట్వీటర్ కాలే భయం తక్కువ. అయితే 2 నుంచి 5 కిలోహెర్ట్జ్ మధ్య ట్రెబుల్ ఎత్తి ఉంటే గిటార్లు చెవిని కోస్తాయి. షోరూంలో మెల్లగా విన్నప్పుడు అదే ‘స్పష్టత’లా అనిపించి మోసగిస్తుంది.

అద్దె ఇళ్లలో, చిన్న గదుల్లో బుక్‌షెల్ఫ్ స్పీకర్లు, 12 అంగుళాల సబ్ ఊఫర్ కలయిక మేలు. ఇందులో అసలు కీలకం సబ్ ఊఫర్ కొనడంలో లేదు, స్పీకర్లకు 80 హెర్ట్జ్ కింది భాగాన్ని నిజంగా ఆపడంలో ఉంది. అలా ఆపితే చిన్న కోన్ ఊగడం చాలావరకు తగ్గి, గొంతు తేరుకుంటుంది. హోమ్ థియేటర్‌కు వాడే ఏవీ రిసీవర్లలో ఈ సదుపాయం ఉంటుంది. చాలా స్టీరియో ఆంప్‌లలో సబ్ ఊఫర్‌కు తీగ మాత్రమే ఇస్తారు, స్పీకర్లకు మొత్తం బేస్ వెళుతూనే ఉంటుంది. కొనే ముందు అడగాల్సిన ప్రశ్న అదొక్కటి.

సభల్లో వాడే 12 అంగుళాల పవర్డ్ (ఆంప్ లోపలే ఉన్న) పీఏ స్పీకర్ల జత ధరకు తగ్గ శబ్దం విషయంలో దేనికీ తీసిపోదు. లోపలే లిమిటర్ (శక్తి హద్దు దాటకుండా ఆపే సర్క్యూట్) ఉంటుంది కాబట్టి సులువుగా కాలవు. నిశ్శబ్దంలో సన్నగా వచ్చే ‘స్’ శబ్దం, కొన్నింటిలో ఫ్యాన్ మోత, 50 హెర్ట్జ్ కింద పలచబడే బేస్ దాని లోటు.

సిమెంటు గది

విదేశీ పత్రికల సమీక్షలు ఎక్కువగా చెక్క చట్రం, జిప్సం బోర్డు గదుల్లో రాసినవి. ఆ గోడలు కాస్త కంపించి బేస్‌ను మింగుతాయి. ఇటుక గోడలు, కాంక్రీటు స్లాబు, టైల్స్ నేల ఉన్న మన గదుల్లో బేస్ బయటికి పోదు, ట్రెబుల్ గోడల మధ్య గింగిర్లు తిరుగుతుంది.

పన్నెండడుగుల పొడవు, పదడుగుల వెడల్పు, పదడుగుల ఎత్తు ఉన్న పడగ్గది చాలా ఫ్లాట్లలో ఉంటుంది. పొడవు దిశలో ధ్వని 47 హెర్ట్జ్ దగ్గర నిలబడి ఊగుతుంది. వెడల్పు దిశలో 56. ఎత్తూ పదడుగులే కాబట్టి అక్కడా 56. రెండు ఒకేచోట కలిశాయి. బేస్ గిటార్ ‘ఏ’ తీగ 55 హెర్ట్జ్. బేసిస్ట్ ఆ తీగ ముట్టిన ప్రతిసారీ గది గుయ్‌మంటుంది, పక్క స్వరానికి పోగానే చప్పబడుతుంది. తప్పు వాయించినవాడిదీ కాదు, స్పీకర్‌దీ కాదు. కుర్చీ వెనక గోడకు ఆనిస్తే ఈ మోత ఇంకా పెరుగుతుంది, గది సరిగ్గా మధ్యలో వేస్తే బేస్ మాయమవుతుంది. వెనక గోడ నుంచి పొడవులో మూడో వంతు దగ్గర మొదలుపెట్టి అర అడుగు చొప్పున జరుపుతూ చూడాలి. స్పీకర్లను మూలల నుంచి బయటికి లాగి, అవసరమైతే పోర్టులో ఫోమ్ బిరడా పెట్టాలి. ఈక్వలైజర్‌తో ఆ 56 హెర్ట్జ్ గుట్టను తగ్గించవచ్చు. గుంటను మాత్రం పూడ్చబోకూడదు. గోడలు రద్దు చేసే స్వరానికి ఎంత శక్తి పోసినా కాయిల్ వేడెక్కడం తప్ప ఫలితముండదు. మందపాటి తివాచీ, పుస్తకాలు నిండిన అల్మరా, దూది పరుపు పై స్వరాల గింగిర్లను అణుస్తాయి, బేస్‌ను అంతగా ముట్టుకోవు.

ఆ బేస్ స్లాబు గుండా పక్క ఫ్లాటుకూ వెళుతుంది. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా 45 డెసిబెల్స్ హద్దు.

కొనే రోజు

రెండు జతలు పోల్చేటప్పుడు ఫోన్‌లో శబ్దం కొలిచే యాప్ పెట్టి రెంటినీ ఒకే స్థాయికి తేవాలి. ఒక్క డెసిబెల్ ఎక్కువున్నదే చెవికి మెరుగనిపిస్తుంది. బాగా తెలిసిన పాటలు పెట్టి, ఇంట్లో వినే స్థాయిలో కనీసం 20 నిమిషాలు మోగించాలి. బేస్ గిటార్, కిక్ డ్రమ్ ఒకేసారి పడ్డప్పుడు రెండూ వేరుగా తెలుస్తున్నాయా? పోర్ట్ దగ్గర చెయ్యి పెడితే గాలి ‘ఫుస్’మనడం వినిపిస్తోందా? సింబల్ మోగి ఆరిపోతోందా, లేక గిటార్లతో కలిసి ఇసుక పోసినట్టుందా? చివరి పాటలోనూ స్నేర్ డ్రమ్ దెబ్బ మొదటి పాటలో ఉన్నంత పదునుగా ఉంటే ఆ స్పీకర్ వేడిని తట్టుకుంటున్నట్టే.

తీగలకు ఎక్కువ డబ్బు పెట్టనక్కర్లేదు. 5 మీటర్ల దాకా 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ, 4 ఓమ్‌ల స్పీకర్లకు 2.5 సరిపోతుంది. అమెరికా నుంచి తెచ్చేవాటిలో మామూలు స్పీకర్లకు చిక్కు లేదు. ఆంప్, సబ్ ఊఫర్, పవర్డ్ స్పీకర్ అయితే వెనక 120 వోల్టులని మాత్రమే ఉందేమో చూడాలి. నేరుగా 230లో పెడితే ఆ క్షణమే పోతుంది.

పాతవి కొనేటప్పుడు ఊఫర్ చుట్టూ ఉన్న మెత్తటి వలయాన్ని గోరు తగలకుండా వేలి కొసతో నొక్కి చూడాలి. ఫోమ్ అయితే పది, ఇరవై ఏళ్లలో పొడిపొడి అవుతుంది. తేమ ఎక్కువున్న ఊళ్లలో ఇంకా ముందే. రబ్బరు, గుడ్డ వలయాలు ఎక్కువ కాలం ఉంటాయి. తర్వాత రెండు వైపులా సమానంగా వేళ్లు ఆనించి కోన్‌ను మెల్లగా లోపలికి నెట్టాలి. లోపల గరుకుగా గీసుకుంటే కాయిల్ ఒకసారి వేడికి ఉబ్బిందని గుర్తు. ఆ స్పీకర్ బయటి నుంచి ఎంత కొత్తగా కనిపించినా ఊఫర్ మార్పించే ఖర్చు కలిపే బేరమాడాలి.